రాజీ కూర్చోబెట్టేవాళ్ళకు: కోర్టు దారి, షరీయత్ దారి

వైజాగ్ వన్‌టౌన్‌లో ఫౌజ్‌దారీ, అంటే క్రిమినల్, కేసులు చూసే లాయర్‌ని. మాది ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. నా దగ్గరికి కొత్త కేసులకంటే ఎక్కువగా వచ్చేది ఒక ప్రశ్న: "మేడమ్, వాళ్ళూ మేమూ మాట్లాడుకుని తేల్చేసుకుందాం అనుకుంటున్నాం, ఎలా?" అడిగేవాళ్ళలో మసీదు సదర్ సాబులు (కమిటీ అధ్యక్షులు) ఉంటారు, జాలారిపేట పెద్దలు ఉంటారు, అపార్ట్‌మెంట్ సెక్రటరీలు ఉంటారు. అంటే గొడవ పడ్డవాళ్ళు కాదు, వాళ్ళని కూర్చోబెట్టేవాళ్ళు. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్షమించే హక్కు దెబ్బతిన్న మనిషిది. పెద్దమనిషిది కాదు, వాళ్ళ అన్నయ్యది కాదు, కమిటీది అసలే కాదు. ఇస్లామీయ న్యాయంలో దెబ్బలకూ హత్యకూ సంబంధించి ఈ హక్కు మొదటినుంచీ బాధితుడిది, లేదా వారసులది. మన చట్టం నేరాన్ని రాజ్యంమీద జరిగినట్టు లెక్కేస్తుంది కాబట్టి ఆ హక్కుని కొన్ని నేరాల్లోనే బాధితుడికి వదిలింది. ఎటునుంచి వచ్చినా పని చెడేది ఒకచోటే: ఆ హక్కుని ఇంకెవరో వాడేసినప్పుడు.

ముందు ఎఫ్ఐఆర్ కాపీ

మాటలు తరవాత, ముందు సెక్షన్ చూడండి. 2024 జులై 1న గానీ ఆ తరవాత గానీ జరిగిన గొడవైతే భారతీయ న్యాయ సంహిత కింద కేసు ఉంటుంది, అంతకు ముందుదైతే పాత ఐపీసీ సెక్షన్లే. రాజీకి వీలున్న నేరాల పట్టిక, కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్లో ఉంది. పాతరోజుల్లో సీఆర్పీసీ 320 అనేవాళ్ళం. అందులో రెండు పట్టికలు. మొదటిదాంట్లో ఉన్నవాటికి బాధితుడు ఒప్పుకుంటే చాలు: చిన్న దెబ్బలు, మాటలతో అవమానం, ఇంట్లోకి చొరబడడం లాంటివి. రెండోదాంట్లో ఉన్నవాటికి కోర్టు అనుమతి కూడా కావాలి. ఎముక విరిగినా పన్ను విరిగినా అది తీవ్రమైన గాయం కిందికి వస్తుంది, న్యాయ సంహిత సెక్షన్ 117(2), ఏడేళ్ళదాకా శిక్ష. ఇది రెండో పట్టికలో ఉంది. చేతిలో కత్తో రాడ్డో ఉంటే సెక్షన్ మారిపోతుంది, అప్పుడు మీ అంతట మీరు తేల్చకుండా లాయర్‌కి చూపించండి.

హత్య, అత్యాచారం, పోక్సో కేసు, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసు అయితే కుర్చీలు వెయ్యనే వద్దు. అత్యాచారం కేసులో రాజీ అన్న ఆలోచనే కుదరదని సుప్రీంకోర్టు 2015లో మధ్యప్రదేశ్ కేసు ఒకదాంట్లో గట్టిగానే చెప్పింది. అయినా "ఇద్దరికీ పెళ్ళి చేసేద్దాం మేడమ్" అంటూ వచ్చే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ళకి నేను టీ కూడా ఇవ్వను.

పట్టికలో లేని నేరాల్లో కూడా, గొడవ మనుషుల మధ్యదే అయి, డబ్బు లావాదేవీలాంటిదో కుటుంబ తగాదానో అయితే, హైకోర్టు కేసు కొట్టేయొచ్చని జ్ఞాన్ సింగ్ కేసులో 2012లో తీర్పు వచ్చింది. దానికి అమరావతి వెళ్ళాలి, ఖర్చూ ఉంటుంది. ఆ సంగతి బాధితుడికి మొదటిరోజే చెప్పండి.

బాధితుడితో ముందు, విడిగా

కిందటేడు నేను కూర్చోబెట్టిన కేసు ఒకటి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. కురుపాం మార్కెట్ దగ్గర బండి అడ్డంగా పెట్టాడని మాటా మాటా పెరిగింది. బట్టల కొట్లో పనిచేసే మా వీధి కుర్రాడు, ఫిషింగ్ హార్బర్లో ఐసు మోసే కుర్రాడి మూతిమీద గుద్దాడు. ముందు పన్ను ఊడిపోయింది. కేజీహెచ్‌లో గాయం సర్టిఫికెట్, 117(2) కేసు.

ఐసు కుర్రాడి తల్లితో ముందు మాట్లాడాను. పరిహారం అన్న మాట ఎత్తానో లేదో ఆవిడ అందుకుంది: "పన్నుకి డబ్బులిత్తారా అమ్మా? ఇత్తే ఇయ్యండి. మా ఓడు నవ్వొచ్చినా నోటికి సెయ్యడ్డం పెట్టుకుంటన్నాడు. దానికేటిత్తారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఉండక్కర్లేదు కూడా. ఆవిడ చేత ఆ మాట అనిపించడమే ఆ పూటకి పని. నేరం విషయంలో కోర్టు అడిగేవి వేరు: ఏ సెక్షన్ మీరారు, ఎవరు మీరారు, ఎంత శిక్ష. అమెరికాలో హోవర్డ్ జెహర్ అనే ఆయన ఈ ప్రశ్నల్నే తిరగేశాడు: గాయపడింది ఎవరు, వాళ్ళకి ఏం కావాలి, అది తీర్చే బాధ్యత ఎవరిది. ఈ పద్ధతి చాలా దేశాల్లో చట్టంలోకి వచ్చింది. కెనడాలో 1974లో ఎల్మైరా అనే ఊళ్ళో తాగి ఇళ్ళూ కార్లూ పాడుచేసిన ఇద్దరు కుర్రాళ్ళని ప్రొబేషన్ అధికారి ఇంటింటికీ తీసుకెళ్ళి బాధితుల ఎదుట నిలబెట్టాడు, అక్కణ్ణుంచి మొదలైందంటారు. న్యూజిలాండ్ 1989లో పిల్లల నేరాల కేసుల్లో కుటుంబాలతో కలిపి కూర్చోవడాన్ని చట్టంలో పెట్టింది. దానికి అక్కడి ఆదివాసులైన మావోరీ జనం పద్ధతులు ఆధారం.

మీరు అడగాల్సినవి తేలిక మాటల్లో అడగండి. ఏం జరిగింది? అప్పట్నుంచి ఇంట్లో ఏం మారింది? ఎవరు ఏం చేస్తే నీకు కాస్త ఊరట? చివరిది అడిగి నోరు మూసుకోండి. ఐసు కుర్రాడు చాలాసేపు నేల చూపులు చూసి అన్నాడు: "ఆ కొట్టు ముందే అడగాల నన్ను. అక్కడున్నోళ్ళు నవ్వినారు." డబ్బు గురించి ఒక్క మాట లేదు.

బాధితురాలు ఆడమనిషైతే మీరొక్కరే, వీలైతే ఆడమనిషే, మాట్లాడాలి. తమ్ముడు గుమ్మంలో నిలబడి వినకూడదు. "మామయ్యగారు సరే అనమన్నారు" అన్న మాట వినిపిస్తే ఆ రోజుకి ఆపేయండి. కాదనే స్వేచ్ఛ ఉందని ఆవిడకి నమ్మకం కుదిరేదాకా అది రాజీ కాదు. గృహహింస కేసుల్లో అయితే నేను ఇంకా వెనకడుగు వేస్తాను. ఎదురెదురుగా కూర్చుంటే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు.

కొట్టినవాడి వైపు

బట్టల కొట్టు కుర్రాడి అబ్బా, అంటే వాళ్ళ నాన్న, మంచివాడే. "దియత్ ఇచ్చేస్తాం బేటీ, ఎంతో చెప్పు" అన్నాడు. దియత్ అంటే దెబ్బకో ప్రాణానికో షరీయత్ చెప్పిన నష్టపరిహారం. చాలామంది ముస్లిం ఇళ్ళలో అదంటే బిల్లు కట్టేసి చేతులు దులుపుకోవడం అన్నట్టే తెలుసు. నేను ఆయనకి పన్ను కథే చెప్పాను.

మదీనాలో రుబయ్యి అనే ఆవిడ ఒక అమ్మాయి ముందు పన్ను విరగ్గొట్టింది. ఈవిడ తరఫువాళ్ళు నష్టపరిహారం ఇస్తామన్నారు, మాఫీ అడిగారు. అవతలివాళ్ళు ససేమిరా అన్నారు. ప్రవక్త దగ్గరికి వచ్చింది వ్యవహారం. ఖిసాస్ అని తీర్పు చెప్పారు, అంటే పన్నుకి పన్ను. రుబయ్యి అన్న అనస్ బిన్ నజ్ర్ తట్టుకోలేక, "రుబయ్యి పన్ను విరుగుతుందా? అల్లా సాక్షిగా విరగదు" అనేశాడు. ప్రవక్త మాత్రం అల్లా గ్రంథంలో ఉన్నది ఖిసాసే అన్నారు. అప్పుడు ఆ అమ్మాయివాళ్ళు తమంతట తామే మెత్తబడి పరిహారానికి ఒప్పుకున్నారు. ఈ హదీసు, అంటే ప్రవక్త గురించిన కథనం, బుఖారీ అనే హదీసుల సంకలనంలో శిక్షల దగ్గర మాత్రమే కాదు, సుల్హ్ అధ్యాయంలో కూడా ఉంది, అంటే రాజీల అధ్యాయంలో.

ఇందులో చూడాల్సింది ఏమిటంటే, కొట్టినవాళ్ళు డబ్బు చూపించినంత మాత్రాన రాజీ అయిపోలేదు. అమ్మాయివాళ్ళు వద్దన్నంతసేపూ వాళ్ళ మాటే చెల్లింది. ప్రవక్త అంతటివారు కూడా "పెద్దవాణ్ణి చెప్తున్నాను, తీసుకోండి" అనలేదు. మన పెద్దమనుషులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

ఫిఖ్ (ఇస్లామీయ న్యాయశాస్త్రం) పుస్తకాల్లో పన్నుకి ఐదు ఒంటెలు, వేలికి పది, ప్రాణానికి నూరు అని లెక్క ఉంది. ఆ లెక్క విని ఆ పెద్దాయన మొహం చూడాలి. "ఐదు ఒంటెలా!" అన్నాడు. తరవాత డబ్బు మాట తనంతట తాను ఎత్తలేదు, కొడుకుని నా ముందు కూర్చోబెట్టి "చెప్పరా, ఏం చేశావో" అన్నాడు.

కొట్టినవాడితో ఒక్క విషయం స్పష్టంగా చెప్పండి: ఇక్కడ ఒప్పుకున్నది కోర్టులో వాడిమీద సాక్ష్యంగా వాడం. ఇలాంటి సమావేశాలకు ఐక్యరాజ్యసమితి 2002లో ఒప్పుకున్న మూలసూత్రాల్లో ఇదొకటి. రాజీ కుదరకపోతే ఎవరికీ నష్టం ఉండకూడదు. అందుకే మీటింగులో ఫోన్లు మూత. వీడియో తీసే బావమరిది ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, వాణ్ణి ముందే బయట కూర్చోబెట్టండి.

చోటు, వేళ

పోలీస్ స్టేషన్ వద్దు. మసీదూ వద్దు, గుడి మండపమూ వద్దు, ఎవరి ఇల్లూ వద్దు. ఆదివారం ఖాళీగా ఉండే బడి మంచిది. లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడిగితే వాళ్ళే చోటు చూపిస్తారు. శుక్రవారం జుమా వేళ పెట్టకండి, రంజాన్‌లో ఇఫ్తార్ ముందు పెట్టకండి. వన్‌టౌన్ వైపు మార్గశిర గురువారాలు కూడా వదిలేయండి. కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఆ రోజుల్లో ఉండే రద్దీకి ఎవరూ టైముకి రారు, వచ్చినా ధ్యాస అక్కడే.

మనుషులు తక్కువ ఉండాలి. ఒక్కో వైపు ముగ్గురికి మించితే అది సభ అయిపోతుంది.

కూర్చున్నాక

బాధితుడు ముందు మాట్లాడతాడు, ఎంతసేపైనా. మధ్యలో అవతలివాళ్ళు "అసలు మొదలెట్టింది నువ్వే" అంటే ఆపండి, వాళ్ళ వంతు వస్తుంది. తరవాత కొట్టినవాడు. "ఏదో పొరపాటు జరిగిపోయింది" అని జారిపోనివ్వకండి. "నేను కొట్టాను, నీ పన్ను ఊడింది" అని చెప్పాలి, మొహం చూసి. తండ్రి కొడుకు తరఫున మాఫీ అడగడం నాకు నచ్చదు. మన ఊళ్ళో అదే ఎక్కువ జరుగుతుంది, చూడ్డానికి గౌరవంగానూ ఉంటుంది, కానీ కుర్రాడికి ఏమీ అంటదు.

మా కేసులో అసలు సమావేశం మార్కెట్లోనే ముగిసింది. కొట్టు తెరిచే వేళకి, పక్క కొట్లవాళ్ళు షట్టర్లు ఎత్తుతుండగా, బట్టల కుర్రాడు అదే మెట్టుమీద నిలబడి అడిగాడు. గొంతు సగంలో ఆగిపోయింది. ఐసు కుర్రాడు "సర్లే, ఇంక సాల్లే" అన్నాడు. అంతే, గట్టిగా రెండు నిమిషాలు.

డబ్బు లెక్క

క్షమాపణ అయ్యాకే డబ్బు. రెండు పద్దులు వేరువేరుగా రాయండి. ఒకటి అసలు ఖర్చు: ఆస్పత్రి, కట్టుడు పన్ను, పోయిన కూలి రోజులు. మా కేసులో కట్టుడు పన్నుకే 30 వేలు దాటింది. రెండోది బాధకి. దీనికి రసీదులుండవు, బాధితుడు చెప్పినదాని దగ్గర మొదలుపెట్టండి. ఖుర్ఆన్‌లో అల్ బఖరా అధ్యాయం 178వ ఆయత్ (వాక్యం) ఖిసాస్ గురించి చెప్తూనే, క్షమించినవాడు న్యాయంగా అడగాలనీ ఇచ్చేవాడు మంచిగా చెల్లించాలనీ అంటుంది. నేను హిందువుల కేసుల్లో కూడా ఈ రెండు మాటలూ చెప్తాను, ఎక్కడివో చెప్పకుండా. ఎవరూ కాదనలేదు.

పాత ఫిఖ్‌లో స్త్రీ దియత్ పురుషుడిదాంట్లో సగం. ఈ లెక్క ఎవరైనా తీస్తే నేను మీటింగు ఆపేస్తాను. అదే ఫిఖ్‌లో హనఫీలు (ఒక న్యాయ సంప్రదాయం వాళ్ళు) క్షమించే హక్కుని వారసులందరికీ ఇచ్చారు, వితంతువుకి కూడా. హత్యకేసులో ఆమె ఒక్కతి క్షమించినా ఖిసాస్ పడిపోతుంది. సగం లెక్క గుర్తుండి ఇది గుర్తులేని మౌల్వీలని చాలామందిని చూశాను.

రోడ్డు ప్రమాదంలో చావు జరిగితే రెండు దారులూ ఎడమొహం పెడమొహం. కావాలని చెయ్యని చావుకి ఖుర్ఆన్‌లో అన్ నిసా 92వ ఆయత్ చెప్పేది దియత్, పైన ప్రాయశ్చిత్తం, ఒక బానిసకి విముక్తి, అది కుదరకపోతే వరుసగా రెండు నెలల ఉపవాసం. కుటుంబం వదిలేస్తే దియత్ మాఫీ. మన చట్టంలో నిర్లక్ష్యంగా చావుకి కారణమైన నేరం, న్యాయ సంహిత సెక్షన్ 106, రాజీ పట్టికలో లేదు. కాబట్టి "డబ్బిచ్చాం, కేసు తీసేయండి" అన్నది పారదు. డబ్బు వేరే దారిలో వస్తుంది: మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. తప్పెవరిదో నిరూపించకుండానే చావుకి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. తెల్ల కాగితం మీద తక్కువకి సంతకం పెట్టించుకునే బ్రోకర్లు ఆస్పత్రి గేటు దగ్గరే తిరుగుతుంటారు, జాగ్రత్త.

కాగితం, దాని టైము

మసీదు కమిటీ లెటర్‌హెడ్ మీద రాసిన రాజీ, కులపెద్దల వంద రూపాయల స్టాంపు పేపరు, రెండింటి విలువా ఒకటే. అవి మీ జ్ఞాపకానికి. ఫత్వాకీ (మతపెద్దల అభిప్రాయం) దారుల్ ఖజా (షరీయత్ పంచాయితీ) తీర్పుకీ చట్టబద్ధత లేదని, ఇష్టపడి పాటించేవాళ్ళని ఆపేదీ లేదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. ఎఫ్ఐఆర్ పడిందంటే కేసు కోర్టులో మూసుకోవాలి. లేకపోతే కుర్రాడు షిప్పు ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు పోలీస్ వెరిఫికేషన్‌లో అది బయటికొస్తుంది. వైజాగ్‌లో ఈ ఏడుపు తరచూ వింటాను.

రాజీ మెమో మీద ఇద్దరూ సంతకం చేసి మేజిస్ట్రేట్ ముందు నిలబడాలి. "నీ ఇష్టంతోనే చేశావా, ఎవరైనా బలవంతపెట్టారా" అని జడ్జి అడుగుతారు, బాధితుడు సొంతంగా జవాబు చెప్పాలి. కోర్టు ఆమోదిస్తే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. పాత శిక్ష ఉండి, దానివల్ల శిక్ష పెరిగే వాడికి ఈ వెసులుబాటు ఉండదు. లోక్ అదాలత్‌లో కూడా రాజీకి వీలైన కేసులే తీసుకుంటారు. అక్కడి అవార్డుకి, అంటే తీర్పుకి, సివిల్ కోర్టు డిక్రీకున్న విలువ ఉంటుంది, అప్పీలు లేదు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ వస్తాడు, 15100కి ఫోన్ చెయ్యండి.

ఎప్పుడు అన్నది ముఖ్యం. ప్రవక్త కాలంలో సఫ్వాన్ అనే ఆయన తల కింద పెట్టుకుని పడుకున్న పైవస్త్రం ఒకడు దొంగిలించాడు. సఫ్వాన్ వాణ్ణి పట్టుకుని ప్రవక్త దగ్గరికి తెచ్చాడు, శిక్ష ఖరారయ్యాక జాలిపడి "వదిలేస్తున్నాను" అన్నాడు. నా దగ్గరికి తీసుకురాకముందే ఆ పని చెయ్యాల్సింది అన్నారు ప్రవక్త. అది దొంగతనం, హుదూద్ (దేవుడే శిక్ష నిర్ణయించిన నేరాలు) కిందిది, పాలకుడి దాకా వస్తే బాధితుడి చేయి దాటిపోతుంది. మన కోర్టులో అంత బిగువు లేదు, పై కోర్టులో అప్పీలు నడుస్తున్నా అనుమతితో రాజీ పడొచ్చు. కానీ శిక్ష పడ్డాక వచ్చే రాజీని జడ్జిలు అనుమానంగానే చూస్తారు. చార్జిషీటు వేసిన కొత్తలోనే వస్తే అందరికీ మేలు.

డబ్బున్నవాడి రాజీ

హక్కు బాధితుడి చేతిలో ఉంటే దాన్ని కొనడానికి వచ్చేవాడూ ఉంటాడు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు బెంగాల్లో ఇస్లామీయ నేరచట్టాన్నే నడుపుతూ, కారన్‌వాలిస్ హయాంలో 1790లో హత్యకేసుల్లో వారసులు క్షమించే హక్కు తీసేశారు. మన ఉత్తర సర్కారుల్లో కూడా ఐపీసీ 1862లో అమల్లోకి వచ్చేదాకా నేరచట్టం పునాది ఇస్లామీయమే. ఈ ముక్క మా జూనియర్లకి చెప్తే నమ్మరు. పాకిస్తాన్ 1990లో ఖిసాస్, దియత్‌లని తిరిగి చట్టంలోకి తెచ్చింది. పరువుహత్యల్లో చంపినవాడూ క్షమించేవాడూ ఒకే ఇంటివాళ్ళవడం చూసి, ఖందీల్ బలోచ్ అనే అమ్మాయి అలాంటి హత్యకి గురయ్యాక 2016లో అలాంటి కేసులో క్షమించినా యావజ్జీవం తప్పదని మార్చాల్సి వచ్చింది. సౌదీలో కుటుంబం హక్కు వేరు, రాజ్యం హక్కు వేరు. 2024లో రియాద్ జైల్లో ఉన్న ఒక మలయాళీ కోసం కేరళ జనం సుమారు 34 కోట్లు పోగుచేశారు. దియత్‌తో మరణశిక్ష రద్దయింది, వెంటనే విడుదల మాత్రం కాలేదు.

కాబట్టి ఒకవైపు బిల్డరూ ఇంకోవైపు అతని దగ్గర పనిచేసే తాపీమేస్త్రీ ఉంటే, మీరొక్కరే కూర్చోబెట్టకండి. మేస్త్రీకి ముందు సొంత లాయర్ ఉండాలి. అద్దె ఇల్లు, ఉద్యోగం, అప్పు, ఇవేవీ అవతలివాడి చేతిలో లేవని అడిగి తెలుసుకోండి. ఏ ఒక్కటి ఉన్నా కోర్టులో మీడియేషన్‌కి పంపండి.

వాయిదాల మీద డబ్బు ఒప్పుకుంటే చేతికి ఇవ్వనివ్వకండి, బాధితుడి బ్యాంకు ఖాతాలో వెయ్యాలి, తేదీలు మెమోలోనే రాయాలి. చివరి వాయిదా పడేదాకా రాజీ మెమో కోర్టులో దాఖలు చెయ్యకుండా ఆపండి, లేదంటే లోక్ అదాలత్ అవార్డులో ఆ తేదీలు రాయించండి. అప్పుడు డబ్బు ఆగిపోయినా మళ్ళీ కొత్త కేసు వెయ్యక్కర్లేదు, ఆ అవార్డు పట్టుకుని నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు.